‘లేడు’ అన్నవాడే రుజువు చూపాలా?

ప్రశ్న: మాది నరసరావుపేట. హైదరాబాద్‌లో ఉద్యోగం. వయసు 27. ఇంజనీరింగ్ చదివే రోజుల నుంచీ నాకు దేవుడి మీద నమ్మకం లేదు. మా మేనమామ ప్లీడరు, బాగా చదువుకున్నవాడు, భక్తుడు. కిందటేడు నాన్న పోయారు. అప్పుడు ఏమీ ఆలోచించే స్థితిలో లేక పెద్దవాళ్లు చెప్పినవన్నీ చేశాను. వచ్చే నెల సంవత్సరీకం. ఈసారి పీట మీద కూర్చోనన్నాను. దాంతో మామయ్య, ‘నీ నాస్తికత్వం కూడా ఒక నమ్మకమే కదరా! దేవుడు లేడని రుజువు చెయ్యి, అప్పుడు మీ అమ్మకు నేనే నచ్చజెబుతా’ అన్నారు. కోట్లమంది వేల ఏళ్లుగా నమ్ముతున్నదాన్ని నేను కాదంటున్నాను కాబట్టి రుజువు భారం నాదేనట. నా స్నేహితులేమో, ‘నమ్మకం లేకపోవడం నమ్మకం ఎలా అవుతుంది? మనం ఏమీ రుజువు చెయ్యక్కర్లేదు. అసలు లేనిదాన్ని లేదని ఎవరూ రుజువు చెయ్యలేరు’ అంటున్నారు. ఎవరి మాట సరైనది? అమ్మ ఏమీ అనడం లేదు గానీ నాతో మాట్లాడ్డం తగ్గించింది.

తా.క. ఆఫీసు ఫారంలో ‘మతం’ అన్న గడిలో ఏం రాయాలి?

జవాబు: మీ మామయ్య ప్లీడరు కావడం మంచిదైంది. ఈ తగువు తీర్చడానికి కావలసిన సరంజామా చాలావరకు ఆయన బీరువాలోనే ఉంది. కోర్టులో రోజూ వాడే సూత్రాన్నే ఆయన ఇంట్లో మీ దగ్గర తిరగేసి వాడుతున్నారని నా అనుమానం. అలాగని మీ స్నేహితుల మాటను ఉన్నదున్నట్టు పట్టుకెళ్లి ఆయన ముందు పెట్టారో, ఓడిపోతారు. ఓడిపోవాలి కూడా.

ముందు చట్టం సంగతి. రుజువు భారం ఎవరిదో చెప్పేది 1872 నాటి సాక్ష్య చట్టంలో 101వ సెక్షన్. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో 104వది. అంకె మారింది గానీ మాట మారలేదు. ‘ఫలానా సంగతి ఉంది, దాన్నిబట్టి నాకు ఫలానా తీర్పు ఇప్పించండి’ అని కోర్టుకు వచ్చినవాడే ఆ సంగతి ఉందని రుజువు చెయ్యాలి. ఇందులో ‘ఉంది’ అన్న ముక్క అందరి కంటా పడుతుంది. ‘ఇప్పించండి’ అన్న ముక్కను ఎక్కువమంది పట్టించుకోరు. మీ ఇంటి సమస్య తేలేది ఆ రెండో ముక్క దగ్గరే. దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

అదే చట్టం మొదట్లో, నిర్వచనాల దగ్గర, ప్లీడర్లు తప్ప మిగతావాళ్లు పెద్దగా చదవని ఒక చోటు ఉంది. వివాదంలో ఉన్న ఏ సంగతైనా మూడు స్థితుల్లో ఏదో ఒకదానిలో ఉంటుందని అక్కడ చెబుతారు. ఉందని రుజువైంది, ఇది ఒకటి. లేదని రుజువైంది, ఇది రెండు. అటూ ఇటూ తేలలేదు, అంటే రుజువు కాలేదు, ఇది మూడు. ఈ మూడోదాన్ని విడిగా నిర్వచించడంలోనే తెలివి ఉంది. నేరం రుజువు కాకపోతే ముద్దాయిని వదిలేస్తారు. అంతమాత్రాన అతను ఆ పని చెయ్యలేదని రుజువైనట్టు కాదు.

‘దేవుడున్నాడనడానికి నాకు తగిన ఆధారం కనపడలేదు, అందుకని నమ్మడం లేదు’ అంటే మీరు మూడో స్థితిలో ఉన్నట్టు. ‘దేవుడు లేడు’ అంటే రెండో స్థితిలోకి అడుగుపెట్టినట్టు. ఈ తేడా పడమటి నుంచి దిగుమతైనదేమీ కాదు. మన ప్రాచీన దర్శనాల్లో ఒకటైన సాంఖ్యం సూత్రాల్లో ఈశ్వరుడి ప్రస్తావన వచ్చినచోట ‘ఈశ్వరుడు సిద్ధించలేదు కనుక’ అని ఉంటుంది. పదహారో శతాబ్దపు వ్యాఖ్యాత విజ్ఞానభిక్షువు దీన్ని పట్టుకుని, ఈశ్వరుడు లేడని చెప్పడమే సూత్రకారుడి ఉద్దేశమైతే ‘లేడు కనుక’ అనే రాసేవాడు కదా, అన్నాడు. ఆయన ఆస్తికుడు, సాంఖ్యాన్ని తన వైపు లాక్కోవాలని చూశాడు. అది వేరే కథ. రెండు మాటలకూ మధ్య ఉన్న ఎడం ఆయనకు స్పష్టంగా కనిపించిందన్నదే మనకు కావలసింది.

ఇంగ్లండులో ఈ మూడో స్థితికి 1869లో జీవశాస్త్రవేత్త టి.హెచ్. హక్స్‌లీ ‘ఆగ్నోస్టిక్’ అని పేరు పెట్టాడు. మనం అజ్ఞేయవాది అంటున్నాం. వందేళ్ల తర్వాత, 1972లో, ఆంటొనీ ఫ్లూ అనే బ్రిటిష్ తత్వవేత్త ఏకంగా నాస్తికుణ్ణే ఆ చోటికి జరిపాడు. నేరం రుజువయ్యేదాకా ముద్దాయి నిర్దోషి అన్నట్టే, దేవుడున్నాడని రుజువయ్యేదాకా నమ్మకపోవడం నుంచే మొదలుపెట్టాలన్నాడు. మీ స్నేహితుల వాదన, వాళ్లకు తెలిసినా తెలియకపోయినా, చాలావరకు ఆయన దగ్గర నుంచి నడిచొచ్చిందే. దీనికో కొసరు ఉంది. అదే ఫ్లూ 2004లో, ఎనభై దాటాక, ఈ విశ్వం వెనక ఒక తెలివి ఉందని తనకు అనిపిస్తోందని ప్రకటించాడు. ముసలితనం అని కొందరు కొట్టిపారేశారు. ఆయన చూపిన ఆధారాలు నాకూ ఆనలేదు. అయినా ఆయన చేసిన పనిలో తప్పులేదు. భారం ఆస్తికుడిదే అన్నవాడు, ఆ భారం తీరిందని తనకు అనిపించిన రోజున మాట మార్చుకోవాల్సిందే. మార్చుకోనన్నవాడు రుజువు అడగడం ఎందుకు?

ఇక మీ స్నేహితుల దగ్గర ఉన్న చిక్కు. ఎవరైనా రుజువు అడిగితే వాళ్లు గబుక్కున మూడో స్థితిలోకి వెళ్లి కూర్చుంటారు. వాళ్లలో వాళ్లు మాట్లాడుకునేటప్పుడు మాత్రం ‘దేవుడూ లేడు, గీవుడూ లేడు’ అంటూ రెండో దాంట్లో తిరుగుతారు. అవసరాన్ని బట్టి ఇలా అటూ ఇటూ గెంతడం న్యాయం కాదు. మన తర్కశాస్త్రానికి మూలమైన గౌతముడి న్యాయసూత్రాలు చర్చను వాదం, జల్పం, వితండం అని మూడుగా విడగొట్టాయి. ఎదుటివాడి పక్షాన్ని పడగొడుతూ తనకంటూ ఏ పక్షాన్నీ నిలబెట్టకపోవడం వితండం. దాన్ని నిజాయితీగా చెయ్యడం అసాధ్యమేమీ కాదు. మీ పల్నాడులోని నాగార్జునకొండతో సంప్రదాయం ముడిపెట్టే ఆచార్య నాగార్జునుడు ‘నాకు ప్రతిజ్ఞే (అంటే నిలబెట్టవలసిన పక్షమే) లేదు, కాబట్టి నాకు ఆ దోషం అంటదు’ అని సూటిగా చెప్పుకున్నాడు. కానీ అలా చెప్పుకున్నవాడు ఎప్పుడూ అలాగే ఉండాలి. ఒక్కసారి ‘లేడు’ అన్నాడంటే ప్రతిజ్ఞ చేసినట్టే. ఇక హేతువు చూపించాలి.

తెలుగునాట పుట్టిన నాస్తికోద్యమాన్ని నడిపిన గోరా కూడా మీ స్నేహితుల మాటకు ఒప్పుకునేవారు కాదు. గోపరాజు రామచంద్రరావుగారు వృక్షశాస్త్రం చెప్పిన లెక్చరర్. నాస్తిక భావాల వల్ల ఉద్యోగం పోగొట్టుకున్నారు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, 1947లో దాన్ని విజయవాడకు మార్చారు. నాస్తికత్వమంటే ఏదో లేకపోవడం అంటే ఆయనకు సరిపోయేది కాదు. మనిషి స్వేచ్ఛ గలవాడు, తన బతుక్కి తనే బాధ్యుడు, పైనుంచి ఎవరూ నడపడం లేదు అన్నది ఆయన నిలబెట్టిన పక్షం. దాన్నిబట్టే సహపంక్తి భోజనాలు, దాన్నిబట్టే కులాంతర వివాహాలు. ఇంత బతుకును నడిపినదాన్ని ‘నమ్మకం లేకపోవడం’ అని ఊరుకుంటే కుదరదు. అది ఒక నిశ్చయం.

కాబట్టి ‘నీదీ నమ్మకమే’ అని మామయ్య అన్నప్పుడు అంతగా ఉలిక్కిపడకండి. మీరు నిజంగా ‘లేడు’ అనే అనుకుంటుంటే ఒప్పేసుకోండి. ‘అవును మామయ్యా, నమ్మకమే అనుకో, అయితే ఏమిటి?’ అనండి. ఆ మాట వెనక ఆయన దాచిపెట్టుకున్నది చెల్లుకు చెల్లు లెక్క. నీదీ నమ్మకం, నాదీ నమ్మకం, ఇద్దరం సమానం, కాబట్టి వచ్చి పీట మీద కూర్చో. ఆయన కోర్టులో వాదిదీ ఒక వాదనే, ప్రతివాదిదీ ఒక వాదనే. రెండూ వాదనలే కాబట్టి పొలం చెరిసగం పంచుకోండి అని ఏ జడ్జీ అనడు. ఎవరి కాగితాలు ఏమిటని చూస్తాడు.

అమెరికాలో 2005లో ఒక అప్పీళ్ల కోర్టు, విస్కాన్సిన్ జైల్లో ఒక ఖైదీ నాస్తికుల అధ్యయన బృందం పెట్టుకుంటానంటే, రాజ్యాంగం ఇచ్చే మతస్వేచ్ఛ విషయంలో నాస్తికత్వాన్నీ మతంలాగే చూడాలని చెప్పింది. చూశావా, కోర్టే మతమంది అని ఎవరైనా మీకు ఇది చూపిస్తే కంగారుపడొద్దు. ఆస్తికుడికి ఇచ్చే రక్షణ నాస్తికుడికీ ఇవ్వాలన్నంతవరకే అది. నాస్తికులకు గుడీ పూజారీ ఉన్నారని ఆ జడ్జీలు అనలేదు.

మీ స్నేహితుల రెండో మాట, ‘లేనిదాన్ని లేదని ఎవరూ రుజువు చెయ్యలేరు’ అన్నది, ఎంత ప్రచారంలో ఉందో అంత తప్పు. లేదని రుజువు చెయ్యడం మనుషులు రోజూ చేసే పని. ఫ్రెంచి ఖగోళ గణితజ్ఞుడు లెవెరియే కథ చూడండి. యురేనస్ గ్రహం లెక్క ప్రకారం నడవడం లేదని, దాన్ని లాగుతున్న ఇంకో గ్రహం ఉండాలని కాగితం మీద లెక్కకట్టాడు. 1846లో బెర్లిన్‌లో దుర్భిణి తిప్పి చూస్తే దాదాపు చెప్పినచోటే నెప్ట్యూన్ దొరికింది. తర్వాత బుధుడి కక్ష్యలో కూడా చిన్న తేడా కనిపించింది. ఇదే పద్ధతిలో 1859లో, సూర్యుడికీ బుధుడికీ మధ్య ఇంకేదో ఉండాలన్నాడు. దానికి వల్కన్ అని పేరు కూడా పెట్టేశారు. గ్రహణం వచ్చినప్పుడల్లా వెతికారు. చూశామన్నవాళ్లు ఉన్నారు గానీ అవి నిలబడలేదు. 1915లో ఐన్‌స్టీన్ కొత్త గురుత్వ సిద్ధాంతంతో బుధుడి తేడా ఏ కొత్త గ్రహం అక్కర్లేకుండానే లెక్కకు సరిపోయింది. వల్కన్ లేదు. ఈ మాట అనడానికి ఆకాశమంతా గాలించనక్కర్లేదు. ఉంటే కనపడవలసిన చోట కనపడలేదు, పైగా అది ఉండాలని అనుకోవడానికి ఉన్న కారణం కూడా పోయింది. ఈ రెండూ చాలు.

‘ఉంటే కనపడవలసిన చోట’ అన్న ఈ షరతును, వేదకర్మల అర్థాన్ని విచారించిన మన మీమాంసకులు ఏనాడో పెట్టారు. ఏడో శతాబ్దపు కుమారిల భట్టు లేకపోవడాన్ని తెలుసుకోవడానికి అనుపలబ్ధి అని విడిగా ఒక ప్రమాణమే ఉందన్నాడు. ఈ నేల మీద కుండ లేదు. వెలుతురుంది, కళ్లున్నాయి, అడ్డం ఏమీ లేదు, కుండ కంటికి కనపడే వస్తువు. ఇన్ని ఉండి కనపడలేదంటే లేనట్టే. కటిక చీకట్లో తడుముకుంటూ లేదంటే మాత్రం చెల్లదు. తర్వాత మిథిలలో న్యాయదర్శన పండితుడు ఉదయనుడు ఇదే షరతుతో నాస్తికుల మీదికి వచ్చాడు. ఈశ్వరుడు కంటికి కనపడే పదార్థమే కానప్పుడు, కనపడలేదు కాబట్టి లేడని ఎలా అంటావు? కనపడనిదల్లా లేదంటే కంటికి కనపడిందే నమ్ముతానన్న ఆ చార్వాకుడు, పాపం, ఇంట్లోంచి బయటికి వచ్చాక మళ్లీ ఇంటికి వెళ్లనక్కర్లేదు, పెళ్లాం బిడ్డలు కనపడటం లేదు కాబట్టి లేరనుకుని అక్కడే గుండెలు బాదుకుంటూ ఏడవాలి అని వేళాకోళం చేశాడు. ఈ వేళాకోళానికి నేటి నాస్తికులు చాలామంది దగ్గర జవాబు లేదు. మీ దగ్గర ఉండాలి.

జవాబు మళ్లీ మామయ్య పుస్తకంలోనే దొరుకుతుంది. ఒక మనిషి బతికున్నాడా పోయాడా అన్న తగాదా వస్తే పాత చట్టంలో 107, 108, కొత్త చట్టంలో 110, 111 సెక్షన్లు చూస్తారు. ముప్పై ఏళ్లలోపు బతికున్నట్టు తెలిసినవాడిని చనిపోయాడు అంటే, అన్నవాడే రుజువు చెయ్యాలి. ఇది ఒకటి. అయితే, బతికుంటే సహజంగా ఎవరికి కబురు తెలియాలో వాళ్లకు ఏడేళ్లుగా ఏ కబురూ లేకపోతే భారం అటు తిరిగిపోతుంది. బతికున్నాడు అన్నవాడే రుజువు చెయ్యాలి. మౌనం ఎంతకాలం అన్నదొక్కటే చట్టం చూడలేదు, ఎవరి దగ్గర మౌనం అన్నదీ చూసింది. ముక్కూమొహం తెలియనివాళ్లకు కబురు రాకపోతే లెక్కలోకి రాదు. కన్నవాళ్లకు రాకపోతే వస్తుంది. కుమారిలుడి షరతూ ఇదీ ఒకటే.

ఇప్పుడు మామయ్యను ఒక మాట అడగాలి. ఏ దేవుడి గురించి మాట్లాడుతున్నాం? మొక్కితే పలికేవాడు, జబ్బు తగ్గించేవాడు, వీసా ఇప్పించేవాడు అయితే, ఆయన కబురు రావలసిన చోట్లు బోలెడున్నాయి. అక్కడ చూడొచ్చు. చూశారు కూడా. 2006లో అమెరికాలో ఆరు ఆసుపత్రుల్లో గుండె బైపాస్ చేయించుకున్న 1,802 మంది మీద చేసిన అధ్యయనం ఫలితాలు వచ్చాయి. ప్రార్థన జరగొచ్చు, జరగకపోవచ్చు అని చెప్పిన రెండు బృందాల్లో, తమకోసం ఎవరో ప్రార్థన చేసినవాళ్లలో 52 శాతం మందికి, చెయ్యనివాళ్లలో 51 శాతం మందికి ఆపరేషన్ తర్వాత ఇబ్బందులు వచ్చాయి. మీకోసం తప్పక ప్రార్థన చేస్తున్నామని చెప్పిన మూడో బృందంలో 59 శాతం. ఇక్కడ నాస్తికుడు చెయ్యి చాపి చూపించడానికి కాగితం ఉంది. దేవుణ్ణి పరీక్ష పెట్టకూడదని భక్తుడు అనొచ్చు. అన్నాడంటే తన దేవుణ్ణి పరీక్షలకు అందని చోటికి జరిపాడన్నమాట. జరుపుకోవచ్చు, అది ఆయన హక్కు. జరిపాక మళ్లీ వచ్చి అదే దేవుడు వీసా ఇప్పించాడని చెప్పకూడదు.

మామయ్య ప్లీడరు కాబట్టి ఆ రెండో దేవుడినే ఎంచుకుంటారు. గుణాలు లేని, జోక్యం చేసుకోని, అన్నిటికీ మూలమైన పరతత్వం. అక్కడ ‘లేడు’ అని బల్లగుద్దడానికి మీ దగ్గర కాగితం లేదు. నా దగ్గరా లేదు. అక్కడ ‘సిద్ధించలేదు’ అన్న సాంఖ్యుల మాట దగ్గర నేను ఆగుతాను. మీరు ఇంకాస్త ముందుకు వెళ్తానంటే, చంటిపిల్లలకు వచ్చే రోగాల గురించీ తుపాన్ల గురించీ అడిగే పాత ప్రశ్న ఒకటి ఉంది. దయామయుడు, సర్వశక్తిమంతుడు అన్న వర్ణన ఉన్నచోట అది ఇప్పటికీ పదునైనదే. వర్ణనే లేని తత్వం మీద దానికి పట్టు దొరకదు.

కోట్లమంది, వేల ఏళ్లు అన్న వాదన సంగతి. ఇది మామయ్య సొంతం కాదు. డబ్లిన్‌కు ఆర్చిబిషప్ అయిన రిచర్డ్ వేట్లీ 1828లో అచ్చు ఇదే రాశాడు. నిలదొక్కుకుని ఉన్న వ్యవస్థకు అనుకూలంగా మొదలుపెట్టాలి, మార్చమన్నవాడే కారణం చూపాలి అని. ఇందులో కొంత విలువ ఉంది. నడుస్తున్నదాన్ని ఎవరో వచ్చి కాదనగానే పీకెయ్యనక్కర్లేదు. అయితే ఈ సూత్రం ఆచారాలకు పనికొచ్చినంతగా విశ్వం గురించిన నిజాలకు పనికిరాదు. సూర్యుడు భూమి చుట్టూ తిరుగుతాడని కూడా కోట్లమంది వేల ఏళ్లు అనుకున్నారు. పైగా వేట్లీ ఈ మాట క్రైస్తవానికి వత్తాసుగా అన్నాడు. ఆ కోట్లమంది నమ్మిన దేవుడూ మామయ్య దేవుడూ ఒకరు కాదు. ఓట్లు లెక్కపెట్టేటప్పుడు అందరినీ కలుపుకుని, పూజ దగ్గర విడగొట్టుకోవడం ఏం లెక్క?

ఇన్ని చెప్పాక, ఇవేవీ మీ సంవత్సరీకం సంగతి తేల్చవు. 101వ సెక్షన్‌లో రెండో ముక్క గుర్తుందా? రుజువు భారం, ‘నాకు ఇది ఇప్పించండి’ అని వచ్చినవాడిది. దావా వెయ్యనివాడికి భారం లేదు. మీరు కూర్చోనంటున్నారు, ఎవరినీ ఏమీ చెయ్యమనడం లేదు. కూర్చోమని అడుగుతున్నది మామయ్య. కాబట్టి ఈ కేసులో వాది ఆయనే. మీరే రేపు ‘ఈ ఇంట్లో అసలు ఆబ్దికమే జరగకూడదు’ అంటే మాత్రం వాది మీరవుతారు. అప్పుడు అమ్మ ఎందుకు మానుకోవాలో మీరు చూపించాలి. చూపించలేరు.

మామయ్య తన దావాలో రెండు కారణాలు చెప్పొచ్చు. పెట్టిన పిండం నాన్నకు చేరుతుందన్నది ఒకటి. ఇక్కడ చార్వాకులు ఎప్పుడో అడ్డు ప్రశ్న వేశారు. ఇక్కడ పెట్టింది పోయినవాడికి చేరేటట్టయితే, ఊరికి వెళ్లేవాడికి దారిబత్తెం ఎందుకు, ఇంట్లోనే వండి పెడితే సరిపోదా? కాకి పితరుడు ఎలా అయిందిరా అని వేమన ఇంకా కటువుగానే అడిగాడు. ఆ కారణం మామయ్య రుజువు చెయ్యలేరు. కానీ దేవుణ్ణి కాదన్నంత మాత్రాన కర్మను కాదన్నట్టు కాదన్నదీ మన సంప్రదాయంలో ఉంది. ఇందాకటి కుమారిలుడే సాక్షి. సృష్టికర్త అయిన ఈశ్వరుణ్ణి ఒప్పుకోలేదు. వేదకర్మను మాత్రం ఆయనంత గట్టిగా పట్టుకున్నవాడు లేడు. నేను నాస్తికుణ్ణి కాబట్టి కూర్చోను అన్న మీ ‘కాబట్టి’ మీరనుకున్నంత గట్టిదేమీ కాదు.

రెండో కారణం, అమ్మ కోరుకుంటోందన్నది. దీనికి రుజువు సులువు. అమ్మను అడగాలి. మీ ఉత్తరమంతా రెండుసార్లు చదివాను. మామయ్య ఏమన్నారో ఉంది, స్నేహితులు ఏమన్నారో ఉంది, అమ్మ ఏమందో లేదు. ఆమె తరఫున ఇద్దరు మగవాళ్లు వాదించుకుంటున్నారు. పోయింది ఆమె భర్త. మీకు కోపం రావచ్చు గానీ, ఈ ఉత్తరంలో నాకు నచ్చనిది ఇదొక్కటే.

ఫోన్‌లో వద్దు, వెళ్లి మాట్లాడండి. దేవుడి గురించి వద్దు, నాన్న గురించి మాట్లాడండి. ఆ రోజు ఏం జరిగితే ఆమె మనసు కుదుటపడుతుందో అడగండి. మీరు పీట మీద కూర్చోవడం ఆమెకు ముఖ్యం కాకపోవచ్చు, బంధువులు వచ్చి నాన్న పేరు తలుచుకుని నాలుగు మెతుకులు తిని వెళ్లడమే ముఖ్యం కావచ్చు. అలాగైతే ఆ భోజనాల పని మొత్తం మీరు నెత్తినేసుకోండి. కర్మ జరిగి తీరాలి, మీరే కావాలని లేదు అంటే, జ్ఞాతుల్లో ఎవరితో చేయించవచ్చో మీ పురోహితుణ్ణి అడగండి. నువ్వే కూర్చోవాలి అంటే, నా సలహా, కూర్చోండి. మీరు అనలేని మాట ఏదైనా ఉంటే అక్కడ ఊరుకోండి, పురోహితుడికి ముందే చెప్పి పెట్టుకోండి. ఒక పూట అమ్మ కోసం కూర్చున్నంత మాత్రాన మీ నాస్తికత్వం ఎటూ పోదు. ఇది నేను తర్కంతో చెప్పడం లేదు, మీరు కాదనుకోవచ్చు.

ఇలాంటి సర్దుబాటు గోరా దగ్గరా గాంధీ దగ్గరా జరిగింది. గోరా కూతురు మనోరమకు దళిత యువకుడితో పెళ్లి సేవాగ్రామ్‌లో చేయించడానికి గాంధీ ఒప్పుకున్నారు. ప్రమాణంలో దేవుడి మాట వచ్చినచోట గోరా ఇంటివాళ్ల కోసం సత్యం అని మారుద్దామన్నారు. గాంధీ హత్య తర్వాత, 1948 మార్చిలో, ఆ పెళ్లి అక్కడే జరిగింది. ఇద్దరిలో ఎవరూ తన పక్షం వదులుకోలేదు.

అదే గాంధీ చదువుకునే రోజుల్లో, 1891లో, లండన్‌లో పేరుమోసిన నాస్తికుడు బ్రాడ్లా అంత్యక్రియలకు వెళ్లారు. తిరిగొచ్చేటప్పుడు స్టేషన్లో ఒక నాస్తిక వీరుడు ఒక పాదిరీని పట్టుకుని, భూమి చుట్టుకొలత ఇంత కదా, మరి మీ దేవుడి కొలత ఎంత, ఎక్కడుంటాడు అని నిలదీశాడు. పాదిరీ మెత్తగా ఏదో చెప్పి ఊరుకున్నాడు. వాదనలో నెగ్గింది ఆ వీరుడే. విన్న గాంధీకి మాత్రం నాస్తికత్వం మీద ఉన్న విముఖత ఇంకాస్త పెరిగిందట, ఆత్మకథలో రాసుకున్నారు. మామయ్యతో సెక్షన్ల గురించి మాట్లాడేటప్పుడు ఈ స్టేషన్ సంగతి కాస్త మనసులో పెట్టుకోండి. ఆయన సరదాపడే మనిషిలాగే ఉన్నారు, వాదన ఆయనకు ఇష్టంలాగా ఉంది. సంవత్సరీకం అయ్యాక తీరిగ్గా వాదించుకోండి, నెల ముందు ఎందుకు?

ఫారం సంగతి. మతం లేదు అని చెప్పుకునే హక్కు రాజ్యాంగం 25వ అధికరణంలోని అంతరాత్మ స్వేచ్ఛలోనే ఉందని, మతం ఫలానా అని రాయమని ప్రభుత్వం ఎవరినీ బలవంతపెట్టకూడదని 2014లో బొంబాయి హైకోర్టు చెప్పింది. మీరు ‘మతం లేదు’ అని రాయండి, లేదా గీత గీసి వదిలెయ్యండి. మీది ప్రైవేటు ఆఫీసైతే ఆ గడి దేనికో హెచ్‌ఆర్ వాళ్లను అడగండి. ఆ గడిలో మీరేం రాసినా 1956 నాటి హిందూ వారసత్వ చట్టం మీకు వర్తిస్తుంది. ముస్లిం, క్రైస్తవ, పార్సీ, యూదు కానివాళ్లందరినీ అది తన కిందికే తీసుకుంటుంది, దేవుణ్ణి నమ్ముతున్నావా అని అడగదు. నాన్నగారి ఆస్తిలో మీ వాటాకూ ఆబ్దికం పెట్టడానికీ ఆ చట్టం ఏ ముడీ పెట్టలేదు. ఈ మాట ఎవరైనా బంధువు ఎత్తితే జవాబు మీరు చెప్పకండి, మామయ్యను చెప్పమనండి.